తేదీ చెప్పి వచ్చెడి ఖర్చులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాసపాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమున ప్రసంగింపదగిన విషయములు పెక్కు గలవు. కవిత్వము గలదు, పురాణము గలదు, చరిత్ర గలదు. వాని నన్నిటిని విడిచి నేటి ప్రసంగము రూపాయి పైసలను గూర్చి సాగుట కొందరికి వింతగా తోపవచ్చును. అయినను అప్పులవాడు వాకిట కూర్చున్న ఇంట భాగవతము చదివినను చెవి కెక్కదు. ఇంటి పద్దు సరిగా ఉన్నప్పుడే పుస్తకము తెరచుటకు మనసు వచ్చును. కనుక ఈ విషయము గ్రంథాలయమునకు పరాయిది కాదు.

ఖర్చు చెప్పి రాదను మాట పల్లెలలో తరచుగా వినవచ్చును. ఆ మాటలో సగమే నిజము. జ్వరము చెప్పి రాదు. వడగండ్ల వాన చెప్పి రాదు. కట్టుకొయ్య నున్న ఎద్దు కూలిపోవుట చెప్పి రాదు. కాని పెండ్లి చెప్పియే వచ్చును. ముహూర్తము పెట్టి, పత్రిక వేసి, అంచులకు పసుపు పూసి మరీ వచ్చును. బడి జూన్ నెలలో తెరచునని ప్రతి ఇంటికిని తెలియును. మేడారము జాతర రెండేండ్ల కొకసారి మాఘ పౌర్ణమికి జరుగునని పసిపిల్లలకును తెలియును. ఇన్ని తేదీలు ముందే తెలిసియుండియు, ఆ దినము వచ్చిన పిమ్మట అప్పు కొరకు పరుగెత్తుట ఖర్చు చేసిన దోషము కాదు. అది పంచాంగము చూచియు లెక్క చూడకపోవుటవలన వచ్చిన దోషము.

పంచతంత్రమున మూడు చేపల కథ అందరును విన్నదే. జాలరులు మరునాడు వత్తురని తెలియగానే మడుగు విడిచిపోయినది అనాగతవిధాత. వల పడిన పిమ్మట చచ్చినట్లు నటించి తప్పించుకొన్నది ప్రత్యుత్పన్నమతి. కానున్నది కాక మానదని ఊరకుండి ప్రాణము పోగొట్టుకొన్నది యద్భవిష్యుడు. మన ఇండ్లలో ప్రత్యుత్పన్నమతులు చాలమంది కలరు. పెండ్లి నాడు చేబదులు తెచ్చెదరు, జాతర నాడు కడియము కుదువ పెట్టెదరు, ఎట్లో గట్టెక్కెదరు. ఆ గట్టెక్కుటకు చెల్లించిన మిత్తిని మాత్రము లెక్కలోనికి తీసికొనరు.

ఆ లెక్కను ఒకసారి చూతము. వరంగల్లు సీమలో పత్తి పండించు కుటుంబమునకు పంట డబ్బు చేతికి వచ్చుట సాధారణముగా అక్టోబరు చివరి నుండి జనవరి వరకు. ఏనుమాముల మార్కెట్టునకు బండ్లు కదలెడి కాలమది. పెద్ద ఖర్చు మీద పడునది మాత్రము జూన్ నెలలో. మృగశిర కార్తె రాగానే విత్తనములు కావలెను, ఎరువు కావలెను, దున్నకపు కూలి కావలెను. సరిగా ఆ వారములలోనే బడులు తెరచుకొనును. పిల్లల పుస్తకములు, బట్టలు, కళాశాల ప్రవేశము, వసతిగృహపు బయానా అన్నియు వచ్చును. పొలమును చదువును ఒకే పక్షమున చేయి చాచును. ఆ పెనుగులాటలో పొలమే గెలుచును. ఏలయన అదను దాటిన విత్తు మొలవదు. ఓడిపోవునది చదువు. అందును ఎక్కువ పర్యాయములు ఆడపిల్ల చదువు. “వచ్చే ఏడు చూతములే” అన్న ఒక్క మాటతో తెగిపోయిన చదువులు ప్రతి ఊరిలోను కలవు. ఈ ప్రసంగమంతయు ఆ ఒక్క మాటను ఇంట పలుకకుండుట కొరకే.

ఒక కుటుంబమునకు జూన్‌లో పిల్లల చదువు నిమిత్తము 30,000 రూపాయలు కావలసియున్న వనుకొందము. అప్పటికప్పుడు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చినచో నెలకు 600 రూపాయలు. జనవరిలో పత్తి అమ్మి తీర్చునాటికి ఏడు నెలలు. మిత్తి 4,200 రూపాయలు. మూడు రూపాయల మిత్తియైనచో 6,300 రూపాయలు. అదే 30,000 రూపాయలను అంతకు ముందు జనవరిలోనే తీసి తపాలా కార్యాలయపు పొదుపు ఖాతాలో వేసియుంచినచో, సాలుకు నూటికి 4 రూపాయల చొప్పున అయిదు నెలలకు సుమారు 500 రూపాయలు కలిసివచ్చును. రెండు రూపాయల మిత్తితో పోల్చినను తేడా 4,700 రూపాయలు. పంట అదే, పిల్లలు వారే, ఖర్చు అంతయే. మారినది డబ్బు తీసిపెట్టిన నెల యొక్కటే.

ఇది కొత్త విద్య కాదు. ఓరుగల్లు సీమవారికి తాతల నాటి నుండి తెలిసినదే. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు కాకతీయుల కాలమున వెలసినవి. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో వెలయించిన రామప్ప గుడిని 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరి. గుడిని చూడబోవువారు ఆ చెరువు కట్టమీద కూడ కొంతసేపు నిలిచి చూడవలెను. వాన మూడు నాలుగు నెలలే కురియును; దాహము పండ్రెండు నెలలును ఉండును. ఆ రెంటికిని నడుమ పొత్తు కుదుర్చుటకే కట్ట వేసిరి. కట్టకు తూము పెట్టిరి. అదనునకు కావలసినంతయే నీరు వదలుటకు. మత్తడి పెట్టిరి, నిండిన పిమ్మట మిగిలినది దిగువ చెరువునకు పారుటకు. ఇంటి డబ్బునకును ఈ మూడే కావలెను. పంట నాడు తీసి విడిగా దాచుట కట్ట. ఏ ఖర్చునకు దాచితిమో ఆ ఖర్చునకే వదలుట తూము. ఇల్లు నిండిన పిమ్మట ఇరుగుపొరుగునకు అక్కర వచ్చినప్పుడు ఆదుకొనుట మత్తడి. కట్ట లేని చెరువునకు మత్తడి యెక్కడిది?

ఇక మొదటిది కానుకల సంగతి. పెండ్లి పందిటిలో ఒక ప్రక్క పుస్తకము పట్టుకొని కూర్చుండువారిని అందరును చూచియున్నారు. ఊరి పేరు, ఇంటి పేరు, ఐదువందల పదహార్లో వెయ్యినూటపదహార్లో వ్రాసికొందురు. పెండ్లి ముగిసిన పిమ్మట ఆ పుస్తకము పెట్టె అడుగున చేరును. నిజమునకు చదివింపుల పుస్తకము ఆశీర్వచనముల పట్టిక మాత్రమే కాదు. అది తీర్పవలసిన బాకీల పద్దు. మన ఇంటి పెండ్లికి చదివించిన ప్రతి ఇంటికిని ఏదో ఒక నాడు తిరిగి చదివింపవలెను. అందుచేత రాబోవు పదేండ్ల కానుకల ఖర్చు ఆ పుస్తకములోనే వ్రాసియున్నది, చదువుకొనుటే తరువాయి.

సంవత్సరాది నాడు పంచాంగ శ్రవణమైన పిమ్మట ఆ పుస్తకమును కూడ తీయవలెను. ఏ యింట పెండ్లి కెదిగిన పిల్లలున్నారు, ఏ యింట గృహప్రవేశము దగ్గర పడినది, ఏ ఆడపడుచునకు ఒడిబియ్యము పోయవలసిన ఏడిది అని గుర్తు పెట్టుకొనవలెను. ఏటికి పండ్రెండు పెండ్లిండ్లు, ఒక్కొక్క దానికి వెయ్యి రూపాయలు అనుకొన్నచో 12,000 రూపాయలు. ఇది నెలకు వెయ్యి వంతున దాచిన బరువు కాదు. కాని ముహూర్తములు నెలకొకటి చొప్పున రావు. పుష్యమున, ఆషాఢమున పెండ్లిండ్లు ఉండవు; మాఘ ఫాల్గునములలోను వైశాఖ జ్యేష్ఠములలోను గుంపుగా వచ్చి పడును. కనుక ముహూర్తములు లేని నెలలలోనే ఆ డబ్బు దాచవలెను.

వస్తువుల కొనుగోలునకును ఇదే సూత్రము. ఆషాఢమున బట్టల దుకాణములవారు ధరలు తగ్గించి అమ్ముట ఆనవాయితీ. శ్రావణమున పెట్టవలసిన చీరెలు, పంచెలు ఆ నెలలోనే కొనవచ్చును. అయితే తగ్గింపు అని వ్రాసిన చీటీని నమ్ముటకన్న ముందు నెలలో ఆ వస్తువు ధర యెంతయో అడిగి వ్రాసికొనుట మేలు. అవసరము లేనిది సగము ధరకు కొన్నను అది పొదుపు కాదు. వరంగల్లు కొత్తవాడ నేతగాండ్ర జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. రెండు నెలల ముందు చెప్పి నేయించుకొన్న జంపఖానా ఏండ్ల తరబడి ఇంట పరచుకొన బడును. నేతగానికి పని దొరకును. ఇచ్చినవారి పేరు నిలుచును. రేపు పెండ్లియనగా నేడు దుకాణమునకు పోయినవారికి ఆ అవకాశము లేదు. అక్కడ దొరికినది, అడిగిన ధరకు తెచ్చుకొనవలసినదే.

కానుకకు విలువ ధరను బట్టి వచ్చునా యని అడుగువారికి బమ్మెర పోతన భాగవతమే సమాధానము. ద్వారకకు పోవు కుచేలుని కొంగున ఇల్లాలు కట్టినవి అటుకులే. వానిని కృష్ణుడు ఎంత ప్రీతితో ఆరగించెనో ఈ సీమలో చెప్పనక్కరలేదు. ఆమె అప్పు చేసి పట్టుపీతాంబరము పంపలేదు. ఇంట కలిగినంతలో, బయలుదేరకముందే, గుర్తుంచుకొని కట్టినది. ఎదుటివారు వెయ్యి చదివించినచో మనము రెండువేలు చదివించి మెప్పు పొందవలెనను పోటీ బంధువుల మీద మోపిన పన్నువంటిది. అట్టి పోటీని పెంచువాడును ఊరి పెద్దయే, తగ్గింపగలవాడును ఊరి పెద్దయే. కలిగినవారు ముందుగా తగ్గించినచో లేనివారికి తల ఎత్తుకొను వీలు కలుగును.

రెండవది విద్యార్థి జీవితము. వరంగల్లు విద్యకు పేరుపడిన చోటు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల నెలకొన్నది. 2002లో అది జాతీయ సంస్థ అయినది. వైద్య కళాశాలయు 1959 నాటిదే. కాకతీయ విశ్వవిద్యాలయము 1976లో ఏర్పడినది. ఊరి పిల్లలు హనుమకొండలో గది తీసికొని చదువుకొనుట నేడు సాధారణమైనది. వారి ఖర్చులో కొంత తప్పనిది; కొంత ఆలస్యమువలన కలిగినది. ఈ రెండవదానిని విడదీసి చూడవలెను.

ఆదాయ, కుల ధ్రువపత్రముల కొరకు ప్రవేశపు వారమున మీసేవ కేంద్రముల చుట్టును తిరుగువారిని చూచినచో జాలి కలుగును. ఆ పత్రములు అందక ఉపకార వేతనపు గడువు తప్పినచో పోవునది వందలు కాదు, వేలు. పరీక్షలు ముగిసిన వేసవిలోనే వానిని సమకూర్చుకొనవలెను. పుస్తకముల విషయమున పై తరగతి దాటిన విద్యార్థిని ఏప్రిల్‌లోనే అడిగినచో సగము ధరకో ఊరకనో దొరకును. జూన్‌లో అడిగినచో అవి అప్పటికే పరుల చేత నుండును. నలుగురు కలసి గది తీసికొని వంతుల వారీగా వండుకొన్నచో ఖర్చు తగ్గును. బియ్యము, పప్పు, పచ్చళ్ళు ఇంటి నుండి నెలకొకసారి తీసికొనిపోవచ్చును. రోజువారీ టిక్కెట్టునకు బదులు విద్యార్థి బస్సు పాసు ముందుగా తీసికొనవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. పొదుపు వేరు, కడుపు మాడ్చుకొనుట వేరు. ఒక పూట తిండి మానిన విద్యార్థి తండ్రికి మేలు చేసితి ననుకొనును గాని, జబ్బు పడిన నాడు ఆ మిగులు నాలుగింతలై పోవును. విద్యార్థి కోయవలసినది పాలను కాదు, పెరుగును కాదు. తోటివారి మెప్పునకై చేయు వేడుకలను. పుట్టినరోజు విందుల వంతులు, కొత్త ఫోను వాయిదాలు, సినిమా వెంట సినిమా, వీనికి నెల మొదట ఒక హద్దు వ్రాసికొని ఆ హద్దున నిలువగలిగినచో చాలును.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకముగా చెప్పవలసినది రెండు సంగతులు. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణమున మహాలక్ష్మి పథకము క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి టిక్కెట్టు ఖర్చు లేకుండ ప్రయాణము కల్పించిరి. అట్లు మిగిలిన డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోక ఆ పిల్ల పేర జమ కావలెను. రెండవది, 2015లో ప్రారంభమైన సుకన్య సమృద్ధి ఖాతా. పిల్లకు పదేండ్లు నిండక మునుపే తపాలా కార్యాలయమున తెరువవచ్చును. ఏటికి 250 రూపాయలు కట్టినను ఖాతా నిలుచును. పదవ తరగతి దాటిన పిమ్మట గాని, పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట గాని, చదువు నిమిత్తము నిలువలో సగము వరకు తీసికొనవచ్చును. పెండ్లికి దాచెడి తల్లిదండ్రులు చాలమంది. చదువునకును దాచినచో పెండ్లి నాటికి ఆ పిల్లయే ఇంటికి నిలువ యగును.

మూడవది ప్రయాణములు. వెనుకటి తరమువారు మేడారమునకు ఎడ్లబండ్లు కట్టుకొని పోయెడివారు. వారము ముందే అటుకులు, సకినాలు సిద్ధము చేసెడివారు. బండి ఇరుసునకు కందెన వేసెడివారు. ఎడ్లకు మేత మూట కట్టెడివారు. త్రోవలో కొనుట కేమియు దొరకదు గనుక అంతయు ముందే తలచుకొనవలసి వచ్చెను. నేడు త్రోవ పొడవునను అన్నియు దొరకును. అందుచేతనే ఏమియు తలచుకొనక బయలుదేరుచున్నారు. ఖర్చు పెరుగుటకు కారణమిదియే.

జాతర 2020లోను, 2022లోను, 2024లోను జరిగినది. రెండేండ్లనగా ఇరువదినాలుగు నెలలు. ఒక కుటుంబమునకు వాహనము, బంగారము, కోళ్ళు, ఇతర ఖర్చులు కలిపి 7,200 రూపాయలగు ననుకొన్నచో నెలకు 300 రూపాయలు దాచవలెను. అనగా దినమునకు పది రూపాయలు. తల్లులకు సమర్పించు బంగారమనగా బెల్లమే గదా! నిలువెత్తు బంగారము మ్రొక్కుకొన్నవారు దానిని జాతర వేళ గద్దెల దగ్గర కొనుటకన్న కొంత ముందుగా అంగడిలో బేరమాడి కొనుట మేలు. నాలుగిండ్లవారు కలసి ఒక బండి మాటాడుకొన్నచో ఇంటింటికి వేరు బండి అక్కరలేదు. దానికై ఎవరు వత్తురో నెల ముందు తేలవలెను. జాతర నాటి ఉదయము తేలిన పొత్తు కుదరదు.

దూరప్రయాణములకును క్రమము కలదు. తిరుమలకు పోవువారు చాలమంది ముందు రైలెక్కుదురు, పిమ్మట దర్శనము సంగతి చూతురు. ఇది తలక్రిందుల పద్ధతి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనపు టిక్కెట్లు కొన్ని నెలల ముందుగానే విడుదలగును. మొదట ఆ తేదీ నిశ్చయించుకొనవలెను. రైలు టిక్కెట్టునకు పూర్వము 120 దినముల ముందు నుండి అవకాశ ముండెడిది. 2024 నవంబరు 1 నుండి దానిని 60 దినములకు కుదించిరి. కనుక దర్శనపు తేదీ చేతనుంచుకొని, అరువదవ దినము దగ్గర పడగానే వరంగల్లు గాని కాజీపేట గాని స్టేషనులో చోటు వ్రాయించుకొనవచ్చును. చివరి దినమున తత్కాల్ పద్ధతిలో కొన్నచో అదనపు రుసుము పడును. ఖరారైన టిక్కెట్టును రద్దు చేసికొన్నచో డబ్బు తిరిగి రాదు. ఇంటి నుండి సద్ది మూట కట్టుకొని బయలుదేరినచో మొదటి రెండు పూటల ఖర్చు తప్పును. పిల్లల కడుపునకును క్షేమము.

ఇప్పుడొక ఆక్షేపణ వచ్చును. కలిగినవాడు దాచును, లేనివాడు దేనిని దాచును? న్యాయమైన ప్రశ్న. పంటయే పోయిన ఏట ఏ పద్దును అన్నము పెట్టదు. రాబడి చాలని ఇంటికి ముందుచూపు ఒక్కటియే మందని చెప్పుట వారిని అవమానించుటయే. కాని మిత్తి ఎక్కువగా కట్టుచున్నది కలిగినవారు కాదు, లేనివారే. నెలకు వంద రూపాయలతో తపాలా కార్యాలయమున వాయిదాల జమ ఖాతా నడుపవచ్చును. ఒంటిగా దాచలేనివారు పదిమందితో కలసి దాచవచ్చును. దీనికి దూరపు ఉదాహరణ అక్కరలేదు. భీమదేవరపల్లి మండలమున ముల్కనూరు సహకార పరపతి సంఘము 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి నాయకత్వమున పుట్టినది. రైతులకు అదనున అప్పిచ్చుట, ఎరువులు విత్తనములు సమకూర్చుట, పంట కొనుట అను పనులను ఒక్క గొడుగు క్రిందికి తెచ్చి దేశమున పేరు గడించినది. ఆ ప్రాంతపు స్త్రీలే పొదుపు సంఘములు నడిపి, పిమ్మట తమ సొంత పాల డెయిరీని నిలుపుకొన్నారు. వారు దాచినది మొదట చిన్న మొత్తములే. క్రమము తప్పక దాచుటయే వారి బలము.

ఇక గ్రంథాలయము చేయదగినదేమి? నాలుగు పనులు ఖర్చు లేకుండ చేయవచ్చును. ఒకటి, వాకిట ఒక నల్లబల్ల పెట్టి ఉపకార వేతనముల గడువులు, ప్రవేశ పరీక్షల తేదీలు, జాతరల తేదీలు నెల ముందుగా వ్రాయవలెను. రెండు, ఏప్రిల్‌లో పాఠ్యపుస్తకములు సేకరించి జూన్‌లో అక్కరగలవారికి ఇచ్చు అర యొకటి ఏర్పరుపవలెను. మూడు, యాత్రలకు కలసి పోదలచినవారు పేర్లు వ్రాసికొనుటకు ఒక పుస్తకము ఉంచవలెను. నాలుగు, ఇంటి పద్దు వ్రాయుట ఎట్లో పై తరగతుల పిల్లలకు ఆదివారము నేర్పవలెను. వారు ఇంటికి పోయి తల్లిదండ్రులకు నేర్పుదురు.

భారతమున విదురుడు ధృతరాష్ట్రునకు చెప్పిన నీతులలో, వానకాలమున సుఖముగా నుండుటకు కావలసిన పని మిగిలిన ఎనిమిది నెలలలోనే చేసికొనవలెనను భావము కలదు. రాజునకు చెప్పిన ఆ నీతి రైతు ఇంటికే ఎక్కువ అక్కరకు వచ్చును. తేదీ చెప్పి వచ్చు ఖర్చులకు ముందే చోటు కల్పించిన ఇంట, చెప్పక వచ్చు ఆపదకు కొంత బలము మిగిలియుండును. జ్వరము వచ్చిన నాడు కడియము అమ్మనక్కరలేదు. వాన తప్పిన ఏట పిల్ల చదువు ఆపనక్కరలేదు. పొదుపునకు ఫలము పెట్టెలోని రూపాయి కాదు, అట్టి ధైర్యము.

1904లో హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయము స్థాపించిన పెద్దలు తమ తరువాతి తరములు చదువుకొనునను నమ్మకముతోనే పుస్తకములు కూర్చిరి. ముందుచూపున కంతకన్న మంచి నిదర్శనము వేరొకటి లేదు. ఈ గ్రంథాలయమును ఆ త్రోవనే నడిచి స్వర్ణోత్సవము జరుపుకొనవలెను. ఆ నాటికి డబ్బు లేక చదువు మానిన పిల్ల ఈ ఊరిలో ఒక్కతెయు లేదని చెప్పుకొను భాగ్యము కలుగును గాక!

శుభమస్తు.